ఫలితాన్ని బట్టి తప్పొప్పులు: ఏ కొలత ఎక్కడ వాడాలి?

“వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు” అనే మాట పెళ్ళి సంబంధాల దగ్గర ఎవరో ఒకరు నవ్వుతూ అంటూనే ఉంటారు. నవ్వుతూ అన్నా అందులో ఒక పూర్తి సిద్ధాంతం ఉంది. పని మంచిదో చెడ్డదో దాని వల్ల ఏం జరిగిందో చూసి చెప్పాలి, పెళ్ళి అనే మంచి జరిగితే దారిలో ఆడిన అబద్ధాలన్నీ మాఫీ. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిందీ దాదాపు ఇదే. వచ్చినవాడు మామూలు వడుగు కాదు, అడిగింది ఇస్తే నీ రాజ్యం పోతుంది, మాట తప్పు అంటాడు. పెళ్ళిళ్ళలో, ప్రాణం మీదికీ ధనం మీదికీ మానం మీదికీ వచ్చినప్పుడు బొంకితే పాపం రాదని జాబితా కూడా ఇస్తాడు.

బలి వినలేదు. ఇచ్చిన మాట తప్పనన్నాడు, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. తరతరాలుగా మనం మెచ్చుకుంటున్నది అతన్నే. కానీ పిల్లాడికి సాయంత్రం హరిశ్చంద్రుడి కథ చెప్పిన ఇంట్లోనే, మర్నాడు అప్పులవాడు గేటు దగ్గరికొస్తే “నాన్న ఊళ్ళో లేడని చెప్పు” అని ఆ పిల్లాడినే పంపిస్తాం. అంటే మన దగ్గర కొలతలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఏది ఎప్పుడు తీయాలో మాత్రం అప్పటికప్పుడు మన అవసరాన్ని బట్టి తేల్చుకుంటున్నాం.

ముఖ్యంగా నాలుగు దారులు. ఒకటి, చేసే ప్రతి పనికీ విడివిడిగా లాభనష్టాలు కూడడం. రెండు, విడి పనిని పక్కనపెట్టి, అందరూ పాటిస్తే ఎక్కువమందికి మేలు జరిగే నియమం ఏదో చూసుకుని దాన్ని పాటించడం. మూడు, చివరికి ఏం జరిగిందని కాకుండా, చేసేనాటికి మనిషి ఏం ఊహించగలిగాడో దాన్ని బట్టి తీర్పు చెప్పడం. నాలుగు, ఫలితం ఎంత గొప్పగా ఉన్నా కొన్ని పనులు చేయనే కూడదని గీత గీయడం. వీటిలో ఏదో ఒక్కటే సరైనదని పుస్తకాలు వాదిస్తాయి. నా లెక్క వేరు. ఏ కొలత తీసుకోవాలన్నది చాలావరకు ఆ లెక్క వేస్తున్నది ఎవరు, దానివల్ల లాభపడేది ఎవరు అన్నదాని మీద ఆధారపడుతుంది.

పని పనికీ లెక్క వేయడం

దీనికి పెద్ద పేరు ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్. 1789లో అచ్చయిన పుస్తకంలో ఆయన సుఖాన్నీ బాధనూ కొలవడానికి ఏడు అంశాలు చెప్పాడు: ఎంత గాఢంగా ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, వస్తుందని ఎంత నమ్మకం, ఎంత త్వరగా వస్తుంది, దాని వెంట మరిన్ని సుఖాలు వస్తాయా, బాధ కలవకుండా ఉంటుందా, ఎంతమందికి తగులుతుంది. దీన్నే తెలుగులో ఉపయోగితావాదం అంటున్నాం. వినడానికి వడ్డీ లెక్కలా ఉన్నా, ఆ కాలానికి అందులో తెగువ ఉంది. జమీందారు సుఖానికీ పాలేరు సుఖానికీ బరువు ఒకటే అనడం చిన్న మాట కాదు. జంతువుల విషయంలోనూ అంతే. అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అని అడగమన్నాడు.

ఈ కొలత బ్రహ్మాండంగా పనిచేసే చోట్లు ఉన్నాయి. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అప్పుడు కలెక్టరు చేతిలో ఉన్నవి కాసిని పడవలు, నీళ్ళలో ఉన్నవి బోలెడు ఊళ్ళు. ఏ ఊరికి ముందు పంపాలి? ఎక్కడ ఎక్కువమంది ఉన్నారు, ఎక్కడ నీళ్ళు త్వరగా ఎక్కుతాయి, ఎక్కడ బాలింతలూ ముసలివాళ్ళూ ఉన్నారు అని లెక్క వేయడం తప్ప ఇంకో మర్యాదైన పద్ధతి లేదు. కోవిడ్ టీకా కూడా అంతే. 2021 జనవరి 16న మొదలుపెట్టినప్పుడు ముందు ఆసుపత్రి సిబ్బందికి వేశారు, మార్చి 1 నుంచి 60 దాటినవాళ్ళకూ, 45 దాటి వేరే జబ్బులున్నవాళ్ళకూ ఇచ్చారు, మే 1 నుంచి 18 నిండిన అందరికీ తెరిచారు. పాతికేళ్ళ కుర్రాడు ఆగాల్సి వచ్చింది. అతని ప్రాణం తక్కువదని కాదు, అదే డోసు అరవై ఏళ్ళ మనిషికి వేస్తే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ అని.

ఇప్పుడు ఇదే కొలతను పెళ్ళి సంబంధం దగ్గర పెట్టి చూడండి. అబ్బాయికి ఫిట్స్ ఉన్నాయి, మాత్రలతో అదుపులో ఉన్నాయి. తండ్రి లెక్క ఇలా నడుస్తుంది: చెబితే సంబంధం పోతుంది, వాడి తర్వాత చెల్లెలుంది, దాని సంబంధాలూ పోతాయి. చెప్పకపోతే వాళ్ళు సుఖంగా ఉంటారు, అమ్మాయి తరఫువాళ్ళకూ మంచి ఉద్యోగం చేసే అల్లుడు దొరుకుతాడు, తర్వాత తెలిసినా అప్పటికి పిల్లలు పుట్టేస్తారు, సర్దుకుంటారు. మొత్తం కూడితే లాభమే కనిపిస్తుంది.

ఇందులో లెక్క తప్పిందని చెప్పడం తేలిక కాదు. ప్రతి అంకె నిజమే కావచ్చు. కాని మాత్రల సీసా లేబుల్ చింపేసి వాడుతున్న భర్తను ఆర్నెల్ల తర్వాత చూసిన అమ్మాయి బాధ ఆ కూడికలో ఎక్కడుంది? అది తండ్రికి కనిపించదు, కనిపించినా దానికి ఆయన వేసే బరువు చాలా తక్కువ. జబ్బు దాచినందుకు కాదు, దాచాల్సిందని ఒకరు నిర్ణయించేసినందుకు ఆ అమ్మాయి ఏడుస్తుంది. చట్టం కూడా ఆమె పక్కనే ఉంది: ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో ఒప్పుకోలు తీసుకుంటే హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్ళి రద్దు చేయమని కోర్టుకు వెళ్ళొచ్చు, మోసం బయటపడ్డ ఏడాదిలోపు వెళ్ళాలి. ఫిట్స్ ఉన్నాయన్నదే పెళ్ళికి అడ్డు అనే మాటను 1999లో అదే చట్టం నుంచి తీసేశారు. అంటే జబ్బు అడ్డు కాదు, దాచడమే చిక్కు తెస్తుంది. ఈ రెండు సంగతులూ కలిపి చదివితే ఆ తండ్రి చెప్పేసి పెళ్ళి చేయడమే మేలని తేలుతుంది. కాని సంబంధం చేతిలో ఉన్న పూట ఆయన ఆ లెక్క వేయడు.

కాబట్టి మీ సొంత లాభం కలిసి ఉన్న చోట పని పనికీ లెక్క వేసే పద్ధతిని వాడకండి. అదే మీకు వచ్చేదీ పోయేదీ ఏమీ లేకుండా నలుగురికి పంచే బాధ్యత మీద పడితే, కలెక్టరులా, అత్యవసర వార్డులో డాక్టరులా, అపార్టుమెంటు అసోసియేషన్‌లో ట్యాంకరు నీళ్ళు పంచే సెక్రటరీలా, అప్పుడు ఇంతకు మించిన కొలత లేదు. సెక్రటరీగారి ఫ్లాటుకు కూడా అదే ట్యాంకరు నీళ్ళు రావాలి కదా అంటే, ఆయన మొదటి రకంలోకి వచ్చేశాడు. ఆయన రెండో కొలత చూసుకోవాలి.

నియమాన్ని ఫలితంతో పరీక్షించడం

అబ్బాయిల తండ్రులందరూ దాచడం మొదలుపెడితే ఏమవుతుంది? ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, ఇప్పటికే అయింది. బయోడేటాలో రాసింది ఎవరూ నమ్మరు. అబ్బాయి ఆఫీసుకు తెలిసినవాళ్ళను పంపి ఎంక్వైరీ చేయిస్తారు, పాత ఇంటి పక్కవాళ్ళను అడుగుతారు, జీతం స్లిప్పు చూపించమంటారు, అమెరికా సంబంధమైతే అక్కడి తెలుగు సంఘంలో ఎవరినో పట్టుకుంటారు. నిజం చెప్పే తండ్రి కూడా ఈ అనుమానానికి మూల్యం కడుతున్నాడు. ఒక్కో అబద్ధం విడిగా చూస్తే లాభసాటిగానే ఉంటుంది, అలవాటుగా చూస్తే అందరికీ నష్టం. రెండో కొలత అడిగేది ఇదే: “ఈ ఒక్కసారికి” అని కాకుండా, ఇలాంటి పరిస్థితిలో అందరూ ఇలాగే చేస్తే బాగుంటుందా?

బెంథామ్ తర్వాత తరం ఉపయోగితావాది జాన్ స్టువర్ట్ మిల్ రాతల్లో ఈ ధోరణి కనిపిస్తుంది. అబద్ధమాడకూడదనే నియమం మనుషుల మధ్య నమ్మకాన్ని నిలబెడుతుంది కాబట్టి క్షణికమైన లాభం కోసం దాన్ని చెడగొట్టకూడదంటాడు. పెద్ద మినహాయింపులు ఉంటాయని కూడా ఒప్పుకుంటాడు. పక్కగా ఒక మాట: ఈ మిల్ 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో పనిచేశాడు. మన దేశానికి ఒక్కసారి కూడా రాకుండా ఇక్కడి పాలనకు ఉత్తరాలు రాశాడు. ఎక్కువమందికి ఎక్కువ మేలు అని రాసిన చేతే, మనకు ఏది మేలో మనల్ని అడగకుండా తేల్చింది. లెక్క ఎవరు వేస్తున్నారో చూడమనడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకలేదు.

నియమాలను ఫలితాలతో సరిదిద్దిన మంచి ఉదాహరణ రోడ్డు ప్రమాదాల విషయంలో ఉంది. రక్తం కారుతూ పడి ఉన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులు సాక్షిగా తిప్పుతారు, ఆసుపత్రి డబ్బు కట్టమంటుంది అన్న భయంతో జనం బళ్ళు ఆపేవాళ్ళు కాదు. వాళ్ళను మానవత్వం లేనివాళ్ళని తిట్టడం వల్ల ఒక్క ప్రాణం కూడా నిలబడదు. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్ళ రక్షణకు మార్గదర్శకాలను ఆమోదించింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వచ్చింది. ఇప్పుడు మీరు తీసుకెళ్ళి చేర్చి, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పకుండా వచ్చేయొచ్చు. మనుషులకు నీతులు చెప్పే బదులు, మంచి చేస్తే చెడు ఎదురయ్యే పరిస్థితిని మార్చారు.

మద్య నిషేధం ఇంత సాఫీగా సాగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించడంతో అంటుకున్న ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది, 1997లో సడలించారు. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, ఊళ్ళలో నాటుసారా, ఖజానాకు గండి, ఇవన్నీ సడలించడానికి చూపిన ఫలితాలు. దూబగుంట ఆడవాళ్ళు చూపినవీ ఫలితాలే: కూలి డబ్బు ఇంటికి రాకపోవడం, వచ్చిన మొగుడు కొట్టడం. ఇద్దరూ పర్యవసానాల మీదే మాట్లాడారు, ఇద్దరి తీర్పూ వేరు. ఖజానా నష్టానికి అంకె ఉంది, బడ్జెట్లో కనిపిస్తుంది. రాత్రి పదింటికి తలుపు చప్పుడైతే కలిగే భయానికి అంకె లేదు. ఫలితాలు చూసి నియమాన్ని దిద్దేవాళ్ళు తేలిగ్గా లెక్కకొచ్చేవాటికే ఎక్కువ బరువు వేస్తారన్నది ఈ కొలతకున్న అసలు జబ్బు.

ఇంకో జబ్బు కూడా ఉంది, నియమం మొండిగా తయారవడం. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలు తరుముతుంటే కొందరు అతని ఆశ్రమం పక్క అడవిలోకి పారిపోయి దాక్కున్నారు. దొంగలొచ్చి ఎటు వెళ్ళారని అడిగితే ఆయన నిజం చెప్పాడు, దాక్కున్నవాళ్ళు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. విచిత్రమేమిటంటే 1797లో జర్మనీలో ఇమ్మాన్యుయేల్ కాంట్ అనే తత్వవేత్త అచ్చం ఇలాంటి ప్రశ్నే తీసుకుని, చంపడానికి తరుముకొచ్చినవాడు అడిగినా అబద్ధం చెప్పకూడదని వాదించాడు. ఇక్కడ నేను కాంట్ పక్షం కాదు, కృష్ణుడి పక్షం. మీరు కూడా అదే అయితే, నియమానికి మినహాయింపు ఎప్పుడు ఇవ్వాలో కూడా ఆ కథలోనే ఉంది: అబద్ధమాడితే కౌశికుడికి వచ్చే లాభం ఏమీ లేదు, పైగా వ్రతం చెడుతుంది. మినహాయింపు వల్ల మీకేదో కలిసొస్తుంటే అనుమానించండి. మీరే నష్టపోతుంటే ధైర్యంగా ఇచ్చేయండి.

జరిగిందా, ఊహించగలిగిందా

ఇద్దరు స్నేహితులు ఒకే దాబాలో ఒకేలా తాగి, రెండు కార్లలో ఔటర్ ఎక్కారు. ఒకడు ఇంటికెళ్ళి పడుకున్నాడు. రెండోవాడి కారుకు ఒక మనిషి అడ్డం వచ్చాడు, చనిపోయాడు. మొదటివాడు దొరికినా తాగి నడిపినందుకు మొదటిసారి ఆర్నెల్ల దాకా జైలో, పదివేల జరిమానానో, రెండూనో. రెండోవాడిది నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరంగా చూసినా పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు. చేసిన తప్పు ఒకటే. తేడా అంతా ఆ క్షణంలో ఎవరు రోడ్డు దాటుతున్నారన్నదే. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు దీని మీద పెద్ద చర్చ లేపారు, అదింకా తెగలేదు.

శిక్షల సంగతి లాయర్లకు వదిలేద్దాం. ఇళ్ళలో మనం చేసే పాపం దీనికి తలకిందులుగా ఉంటుంది. కొడుకు స్నేహితులతో టూరుకు వెళ్తానంటే తల్లి సరే అంది, బస్సు బోల్తా పడింది. “నువ్వు పంపకపోతే బతికుండేవాడు” అని చావింట్లో ఎవరో అనేస్తారు. అది ఫలితాన్ని బట్టి మనిషిని దోషిని చేయడం. పంపిననాటికి ఆవిడకు తెలిసింది ఏమిటి? మామూలు బస్సు, మామూలు టూరు, పక్కింటివాళ్ళ పిల్లలు కూడా వెళ్తున్నారు. ఆపరేషన్ చేసినా మనిషి దక్కలేదని డాక్టరు మీదికి వెళ్ళేవాళ్ళూ, ఎంపీసీ ఇప్పించకుండా బైపీసీ ఇప్పించావని పదేళ్ళ తర్వాత తండ్రిని సాధించే కొడుకులూ ఇదే కొలత పట్టుకుంటున్నారు. పనిని రేపు మళ్ళీ చేయాలా వద్దా అని తేల్చడానికి అసలు ఫలితం చూడండి. మనిషిని తప్పుపట్టాలా వద్దా అనడానికి మాత్రం ఆ రోజు అతనికి తెలిసినదీ, కాస్త కష్టపడితే తెలిసి ఉండాల్సిందీ చూడండి. ఈ రెంటినీ కలిపేస్తే ఇల్లు నరకమవుతుంది.

మన చట్టంలో దీనికి చక్కని బొమ్మ ఒకటుంది. తత్వశాస్త్రం చదివినవాళ్ళకు 1967లో ఫిలిపా ఫుట్ రాసిన ట్రాలీ కథ తెలిసే ఉంటుంది, అదుపు తప్పిన ట్రాలీ బండిని పక్క పట్టాల మీదికి మళ్ళిస్తే ఒకడు చస్తాడు, మళ్ళించకపోతే ఐదుగురు. దానికి వందేళ్ళ ముందే, 1860 నాటి శిక్షాస్మృతిలో 81వ సెక్షన్ కింద ఒక ఓడ కెప్టెన్ ఉన్నాడు. తన తప్పేమీ లేకుండానే ఓడ ఆపలేని స్థితి వచ్చింది. నేరుగా పోతే ఇరవై ముప్ఫైమంది ఉన్న పడవను గుద్దుతాడు. తిప్పితే ఇద్దరున్న చిన్న పడవకు తగిలే ప్రమాదం ఉంది. తిప్పితే నేరం కాదంటుంది చట్టం, కాని షరతులున్నాయి: ఆ స్థితి అతని నిర్లక్ష్యం వల్ల రాకూడదు, చిన్న పడవను గుద్దాలన్న ఉద్దేశం ఉండకూడదు, పెద్ద ప్రమాదం తప్పించాలన్న సద్బుద్ధితోనే తిప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో ఇది 19వ సెక్షన్‌గా అలాగే ఉంది. ఫలితం లెక్కలోకి వస్తుంది, మనసులో ఉన్నదీ వస్తుంది. కెప్టెన్ ఆ ఇద్దరినీ ఏం అడగలేదు నిజమే, కాని వాళ్ళు చస్తే అతనికి ఒరిగేదీ ఏమీ లేదు.

లెక్కకు అందని గీతలు

ఆ కెప్టెన్ పక్కన ఇంకో ఓడ కథ పెట్టాలి. 1884లో మిన్యోనెట్ అనే ఇంగ్లీషు ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో సముద్రం మీద మిగిలారు. తిండి లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. చివరికి కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్ కలిసి, జబ్బుపడి ఉన్న పదిహేడేళ్ళ కుర్రాణ్ణి చంపారు, ముగ్గురూ తిన్నారు. నాలుగు రోజులకు ఇంకో ఓడ వచ్చి కాపాడింది. ఒకడు పోయి ముగ్గురు బతికారు, అంకెల్లో చూస్తే మిగులే. ఆ అబ్బాయి ఎలాగూ పోయేవాడేనని కూడా వాదించారు. కోర్టు హత్యే అంది, మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని ఆర్నెల్ల జైలుకు తగ్గించారు. తీర్పులో నాకు నచ్చిన వాదన ఇది: ఎవరి ప్రాణం విలువ ఎంతో ఏ కొలతతో చెబుతారు, అవసరం వచ్చిందో లేదో తేల్చే పని దానివల్ల లాభపడేవాడికే అప్పగిస్తే ఎలా?

ఐదుగురు రోగులకు అవయవాలు కావాలి, ఒక ఆరోగ్యవంతుడు వార్డులో ఉన్నాడు, చంపి పంచవచ్చా అని క్లాసులో అడుగుతారు. ఎవరూ ఒప్పుకోరు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టమూ అక్కడే గీత గీసింది, సమ్మతి లేకుండా అవయవం తీయకూడదు. ఒకసారి కుటుంబం ఒప్పుకుని ఇచ్చాక, ఎవరికి ఇవ్వాలన్నప్పుడు మాత్రం లెక్కే నడుస్తుంది: బ్లడ్ గ్రూపు, జబ్బు తీవ్రత, ఎదురుచూస్తున్న కాలం. తీసుకోవడానికి గీత, పంచడానికి లెక్క. రెండు కొలతలూ ఒకే ఆసుపత్రిలో గొడవ పడకుండా ఉంటున్నాయి.

ఇలా గీత గీయాలని నమ్మేవాళ్ళు మన దగ్గర వెంటనే “కర్మణ్యేవాధికారస్తే” అంటారు. ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దనడం వేరు, ఫలితం ఆలోచించకుండా చేయమనడం వేరు. ఇంతకీ భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు అడిగిందంతా ఫలితాల గురించే కదా, కులం నాశనమవుతుంది, ఇంత రక్తం పారాక రాజ్యమెందుకు అని. యుద్ధం తర్వాత మిగిలింది చూస్తే అర్జునుడి ప్రశ్న అంత తీసిపారేయాల్సింది కాదని అమర్త్యసేన్ రాశాడు. నాకూ అలాగే అనిపిస్తుంది.

గీతలు ఎక్కువ గీసినా కష్టమే. ప్రతిదీ ధర్మమనో హక్కనో అంటే ప్రాజెక్టు కట్టలేం, రోడ్డు వెడల్పు చేయలేం. పోలవరం సంగతే తీసుకోండి. నీళ్ళు డెల్టాకూ విశాఖ వైపూ పోతాయి, మునిగేవి ఎక్కువగా కోయ, కొండరెడ్ల ఊళ్ళు. మొత్తం కూడితే లాభమనే వాదన కాగితం మీద బలంగానే ఉంటుంది. అయితే కూడిక చేసినవాళ్ళెవరూ ముంపులో లేరు. 2013 భూసేకరణ చట్టం ఈ బాధకు ఒక మందు వేసింది. సామాజిక ప్రభావ అంచనా ముందే చేయాలంది, ప్రైవేటు ప్రాజెక్టయితే 80 శాతం, ప్రభుత్వం ప్రైవేటు కలిసి కట్టేదైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలంది. పూర్తిగా ప్రభుత్వమే కట్టేదానికి మాత్రం ఆ సమ్మతి షరతు పెట్టలేదు. లాభం ఒకరికీ నష్టం ఇంకొకరికీ అయినప్పుడు, నష్టపోయేవాడి నోట సరే అని వినకుండా కూడిక మొదలుపెట్టకూడదన్నది నా అభిప్రాయం. ప్రభుత్వమైతే మరీను.

నాన్నకు చెప్పాలా?

చివరిగా అన్నీ కలిసి వచ్చే ఒక సందర్భం, ఎందుకంటే చదువుతున్నవాళ్ళలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. బయాప్సీ రిపోర్టు వచ్చింది, నాన్నకు క్యాన్సర్. కొడుకు కారిడార్లో డాక్టరును ఆపి, “ఆయనకు మాత్రం తెలియనీయకండి సార్, తట్టుకోలేరు” అంటాడు. ఇంట్లో “చిన్న గడ్డ, కరెంటు పెడితే కరిగిపోతుందట” అని చెబుతారు. ఫైలు పైకవరు మీద ఉన్న ఆ జబ్బు పేరు మీద ప్లాస్టరు అంటిస్తారు. ఆసుపత్రి బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నదాన్ని ఏం చేస్తారో మరి. రేడియేషన్ కోసం బెంచీ మీద కూర్చుంటే పక్కనున్న ముసలాయన “మీకు ఎక్కడొచ్చింది?” అని అడుగుతాడు. నాన్నకు తెలుస్తుంది. తెలిసిందని పిల్లలకు తెలియనివ్వడు. భార్య ముందు ఆయన నటిస్తాడు, ఆయన ముందు ఆవిడ నటిస్తుంది.

మొదటి కొలతతో కొడుకు లెక్క: చెబితే కుంగిపోతాడు, తిండి మానేస్తాడు. చెప్పకపోతే ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉంటాడు. ఈ లెక్కలో రానివి చూడండి. నోటిమాట మీద ఎవరికి ఎంత అప్పిచ్చాడో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడితో పదిహేనేళ్ళుగా మాటల్లేవు, మాట్లాడాలంటే సమయం ఎంతుందో తెలియాలి. కాశీ వెళ్ళాలని ఉంది, “తగ్గాక వెళ్దాంలే” అని వాయిదా వేస్తున్నాడు. పైగా కొడుకు లెక్కలో ఒక సొంత లాభం దాక్కుని ఉంది, నాన్న ఏడిస్తే చూడాల్సిన అవస్థ తప్పుతుంది. దాన్ని తప్పుపట్టడం లేదు, ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. కాని లెక్కలో అది కూడా ఉందని ఒప్పుకోవాలి.

రెండో కొలత: డాక్టర్లు కొడుకులతో కలిసి దాస్తారని అందరికీ తెలిసిపోయింది కాబట్టే, నిజంగా చిన్న గడ్డ అయినవాళ్ళు కూడా ఇవాళ నమ్మడం లేదు. “నిజం చెప్పు బాబూ” అని నర్సు చెయ్యి పట్టుకుంటారు. మూడోది: చెప్పాక ఆయన నిజంగానే కుంగిపోతే కొడుకును తిట్టకండి, దాచి ఉంచాక చివర్లో తెలిసి “ముందే ఎందుకు చెప్పలేదురా” అన్నా తిట్టకండి. ఎటు తిరిగినా ప్రేమతోనే చేశాడు. నాలుగోది: అది ఆయన ఒళ్ళు.

అందరికీ చెప్పి తీరాలనే కఠిన నియమాన్నీ నేను సమర్థించను. వివరాలు వద్దు, నువ్వే చూసుకో అనే పెద్దవాళ్ళు నిజంగా ఉన్నారు, వాళ్ళ చెవిలో బలవంతంగా రిపోర్టు చదవడం కూడా అన్యాయమే. అందుకని రిపోర్టు వచ్చాక మధనపడే బదులు, పరీక్షకు శాంపిల్ ఇచ్చిన రోజే, ఇంకా ఎవరికీ ఏమీ తెలియనప్పుడే అడిగేయండి: “నాన్నా, రిపోర్టు వచ్చాక డాక్టరుగారు అన్నీ నీతోనే మాట్లాడాలా, నాతో మాట్లాడితే సరిపోతుందా?” “నా ఒంటి సంగతి నాకు చెప్పకుండా ఇంకెవరికి చెబుతార్రా” అంటే ఇక మీరు లెక్క వేయాల్సింది ఏమీ లేదు. “నువ్వే చూసుకోరా” అంటే దాచమని ఆయనే సెలవిచ్చాడు, ఆ భారం మోయండి. కీమో మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండో స్కాన్ తర్వాత ఇంకోసారి అదే ప్రశ్న మళ్ళీ అడగండి, జవాబు మారుతుంటుంది. అక్కకూ తమ్ముడికీ కూడా ఆ జవాబు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అమెరికా నుంచి ఫోన్ చేసి ఎవరో ఒకరు నోరు జారతారు.